ఇసుకపడవ

సముద్రస్నానమునకు పోవుదమా యని యింటిలో నెవరైన ననగానే మగవారు పంచాంగము తీయుదురు, పిల్లలు గంతులు వేయుదురు, మనము అటకవంక చూతుము. ఏ గిన్నెలు దింపవలెను, త్రాగునీరెంత కావలెను, ఒక రాత్రి యచట నుండవలసినచో బొంతలెన్ని, చాపలెన్ని, వంటచెఱకెంత, వీని నన్నిటిని ఎవరు మోయవలెను అను లెక్క మన మనస్సున నప్పుడే మొదలగును. ఈ లెక్క తేలక ప్రయాణము మానుకొన్న యిండ్లెన్నియో కలవు. మా యిల్లును మూడేండ్లపాటు వానిలో చేరియుండెను. ఆ చిక్కు తీరుటకై మేము ముగ్గురు తోడికోడండ్రము కలిసి చేసికొన్న యొక చిన్న సాధనమును గూర్చి సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది వేటపాలెము. చీరాల ప్రక్కనున్న యీ యూరు నేతకును, జీడిపప్పునకును పేరుపడినది. 1918లో పుట్టి, 1929లో గాంధీమహాత్మునిచే శంకుస్థాపన జరిగిన సారస్వత నికేతన గ్రంథాలయము మా యూరిదే. 2022 వఱకు ప్రకాశము జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన బాపట్ల జిల్లాలో చేరితిమి. సముద్రము దగ్గఱనే యున్నది. రామాపురము తీరమువఱకు ఆటోలు పోవును. అయితే పర్వదినములందు అక్కడ జనసమ్మర్దము మెండు. వంట చేసికొని రాత్రి నిదురించుటకు వీలు చిక్కదు. అందుచేత మేము దారి చివర దిగి, తీరము వెంట కొంతదూరము నడచి, జాలరుల పాకలు కనుచూపుమేరలో నుండు నొక సరుగుడుతోపు చెంత బస చేయుట వాడుక. ఆ నడక మూడు ఫర్లాంగులకు మించదు. కాని యది యిసుకలో నడక. పాదము చీలమండవఱకు దిగును. రెండడుగులు ముందుకు వేసిన నొకయడుగు వెనుకకు జారును. తలపై బిందె, చంకలో బిడ్డ, చేత సంచి యున్నప్పుడు ఆ మూడు ఫర్లాంగులు మూడు క్రోసులగును.

బరువులలో పెద్దది నీరు. ఇసుకలో చెలమ తీసిన తియ్యని నీరూరునని మా పెద్దలు చెప్పుదురు. అది నిజమే గాని, ఇప్పటి దినములలో పసిబిడ్డలకు ఆ నీరు త్రాగించుటకు మాకు ధైర్యము చాలదు. పదిమందికి ఒక సాయంకాలమునకును మఱునాటి యుదయమునకును ఎంత పొదుపుగా వాడినను ఇరువది లీటర్లు కావలెను. అనగా ఇరువది కిలోలు. దానిపై బియ్యము, పప్పు, గిన్నెలు, ఇనుపపొయ్యి, సరుగుడు పుల్లలు, చలికి బొంతలు, మంచు పడకుండ పైన కట్టుటకు టార్పాలిను. మగవారేమి చేయుచుందురని యడుగుదురేమో. వారును మోయుదురు, కాని ఆటోవానితో బేరమాడుట, బసకు చోటు చూచుట మున్నగు పెద్దపనులు వారికుండును గదా!

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు వచ్చి నాలుగేండ్లయినది. ఇంటిలో గోడ పట్టుకొని తిరుగగలరు. వీథిలో నడువగలరు. ఇసుకలో మాత్రము ఇరుప్రక్కల నిద్దఱు పట్టుకొననిదే అడుగు పడదు. మాఘ పూర్ణిమనాడు సముద్రస్నానము చేయుట ఆమెకు పుట్టినింటినుండి వచ్చిన యలవాటు. అట్టి యామె మేము బయలుదేరుమనినప్పుడెల్ల నొకేమాట చెప్పుచుండిరి. “నన్ను పట్టుకొని నడిపించుటకు ఇద్దఱు కావలె. సామాను మోయుటకు ముగ్గురు కావలె. ఉన్నది మీరు ముగ్గురు. లెక్క కుదరదమ్మా, మీరు పోయి రండి.” ఆమెను విడిచి పోవుటకు మాకు కాళ్లాడలేదు. అట్లు మూడు మాఘములు గడచినవి.

లెక్క కుదరవలెనన్న సామాను మా తలలు దిగవలెను. చక్రముల బండి ఇసుకలో పనికిరాదని ఈ తీరమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. సన్నని చక్రము ఇసుకను కోసికొని లోపలికి దిగును. తనముందు తానే గుట్ట పోసికొని, ఆ గుట్టను తానే యెక్కలేక నిలిచిపోవును. చక్రము లేని బండి యేదైన కలదా యని యాలోచింపగా, మా పిల్లలాడుకొను నాట జ్ఞప్తికి వచ్చెను. ఎండి రాలిన కొబ్బరిమట్టపై వెడల్పైన మొదటిభాగమున నొక బిడ్డ కూర్చుండును, మఱియొక బిడ్డ ఆకుకొన పట్టుకొని యీడ్చును. అది యిసుకపై దిగబడదు. మంచుదేశములవారు స్లెడ్జి యని పిలుచునదియు నింతే. కాకున్న వారికి మంచు, మనకు ఇసుక.

మా చిన్న మఱది, యింకను వివాహము కానివాడు, గ్రంథాలయమున కూర్చుండి యేవేవో పుస్తకములు తిరుగవేయుచుండును. అతడొకనాడు వచ్చి, “వదినలారా, మీ యూహ నాలుగువేల యేండ్లనాటిది” అని యొక బొమ్మ సంగతి చెప్పెను. ఈజిప్టు దేశమున జెహూతిహోతెపు అను నొక యధికారి సమాధిలోని గోడపై ఆ చిత్రము కలదట. క్రీస్తునకు ముందు సుమారు 1900 ప్రాంతమున వ్రాసినది. నూట డెబ్బదియిద్దఱు మనుష్యులు నాలుగు వరుసలుగా త్రాళ్లు పట్టి, చక్రములు లేని పెద్ద బండిపై నొక మహావిగ్రహమును ఎడారిలో ఈడ్చుచుందురు. బండి ముందుభాగమున నొకడు నిలిచి, కుండతో ఇసుకపై నీరు పోయుచుండును. ఆ నీరు పోయుట యేదో పూజావిధి యని పండితులు చిరకాలము తలచిరట. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇసుక తగినంత తడిసినచో ఈడ్చుటకు కావలసిన బలము ఇంచుమించు సగమునకు తగ్గునని తేల్చిరి. కొంచెము నీరు ఇసుకరేణువులను ఒకదానితో నొకటి పట్టించి నేలను గట్టిపఱచును. బండిముందు గుట్ట లేవదు. నీరు మిక్కిలి యైనచో ఆ పట్టు మఱల సడలిపోవును. ముగ్గు వేయుటకు వాకిట కళ్లాపి చల్లు మన కీ సంగతి క్రొత్తది కాదు. పొడినేల దుమ్ము లేచును, ఎక్కువ తడిసిన బురదయగును, నడిమి తడియే కుదురుగా నుండును.

ఇక చేసిన విధము చెప్పెదము. పాతసామాను అంగళ్లలో రెండువందల లీటర్లు పట్టు నీలిరంగు ప్లాస్టికు పీపాలు దొరకును. అట్టిదొకటి కొంటిమి. ఇక్కడ నొక జాగ్రత్త. వేటపాలెము, చీరాలలు నేతయూళ్లగుటచే రంగులు, రసాయనములు వచ్చిన పీపాలును అంగళ్లలో నుండును. అట్టివానిని ఎంత చౌకగా నిచ్చినను అన్నపుగిన్నెల క్రింద నుంచుటకు తేరాదు. తినుపదార్థము వచ్చినదని నిశ్చయము చేసికొని, సబ్బునీటితో రెండుమాఱులు కడిగి యెండబెట్టితిమి. వడ్రంగి ఱంపముతో పైమూతను అడుగుబిళ్లను కోసివేసి, నిలువున నొకచోట చీల్చెను. అప్పుడది చాపవలె విచ్చుకొనెను. ఆఱడుగుల పొడవు, రెండున్నర యడుగుల వెడల్పు. దానినుండి యైదడుగుల పొడవు, ఒకటిన్నర యడుగు వెడల్పు గల పలకను తీసికొంటిమి. మిగిలిన ముక్క పెరటిలో తులసికోట చుట్టు కోళ్లకు అడ్డముగా నుపయోగపడినది.

పీపా గుండ్రనిది గావున పలకకు వంపు సహజముగనే యుండును. వెనుక నాలుగడుగులను మూడు దినములు ఎండలో నుంచి, పైన తిరుగలిరాళ్లు పెట్టి చదును చేసితిమి. ముందరి యడుగు మేర మాత్రము వంపును తాకలేదు. పడవ ముక్కువలె పైకి లేచు ఆ వంపే యీ సాధనమునకు ప్రాణము. అది లేనిచో అంచు ఇసుకలో గ్రుచ్చుకొనును. ఈడ్చునప్పుడు వంపు విచ్చుకొనకుండ ముక్కుకొనను వెనుకకు లాగి మొదటి యడ్డకఱ్ఱకు త్రాటితో కట్టవలెను. మా పిల్లలు దానిని చూచి ఇసుకపడవ యని పేరు పెట్టిరి. ఆ పేరే నిలిచినది.

అడ్డకఱ్ఱలు నాలుగు, ప్రక్కల పొడుగునను రెండు, అన్నియు వెదురువే. కట్టుటకు జాలరులు వాడు నైలాను త్రాడు. మేకులు, మరలు అడుగునుండి బిగించినచో తల బయటికి వచ్చి ఇసుకను గీరును. కావున అవి వలదంటిమి. జానెడు కొకటిగా అంచుల వెంట వడ్రంగి బరమాతో రంధ్రములు చేసి, అంచులు రెండంగుళములు పైకి లేచునట్లు ప్రక్కకఱ్ఱలకు లాగి కట్టితిమి. అట్లు చేయుటవలన త్రాడు ఇసుకకు తగులదు. తగిలినచో నొక్క ప్రయాణముననే యరిగి తెగును. కోసిన యంచులన్నిటిని ఉప్పుకాగితముతో రుద్దితిమి. లేనిచో పిల్లల చేతులు గీఱుకొనిపోవును. క్రింద రెండు సన్నని కఱ్ఱలు పట్టీలుగా వేసిన జాఱదా యని వడ్రంగి యడిగెను. గట్టి మంచుగడ్డపై అవి మేలు. పొడియిసుకలో అవియును చక్రములవలెనే దిగబడును. మా పలక సామానుతో నలుబది కిలోలు తూగినను, ఆ బరువు వెడల్పుగా పఱచుకొనుటచే చదరపు సెంటీమీటరునకు ఎనిమిది గ్రాములకు మించి పడదు. నడచు మనిషి యొంటికాలిమీద నిలిచిన క్షణమున అంతచోట మూడువందల గ్రాములకు పైగా పడును.

ఈడ్చుటకు త్రాడు చాలదా? సమప్రదేశమున చాలును. ఇసుకదిబ్బ దిగునప్పుడు త్రాడు సడలి, బండి మన మడమలమీదికి వచ్చును. అందుచేత త్రాటికి మాఱుగా ఏడడుగుల సన్నని వెదుళ్లు రెండు కట్టితిమి. ఇక వానిని చేతితో పట్టుకొని లాగినచో భుజములు పడిపోవును. మంచుదేశములలో నడుముపట్టీకి తగిలించి లాగుదురు. 1912 జనవరి 17వ తేదిని దక్షిణధ్రువము చేరిన స్కాటు దొరయు నతని సహచరులును అట్లే పట్టీలు కట్టుకొని తమ బండిని తామే లాగుకొని పోయిరి. తిరుగుదారిలో పాపము ప్రాణములు గోల్పోయిరి. అంతకు నెలదినములకు ముందే అక్కడికి చేరిన అమున్‌సెను కుక్కలచే లాగించెను. మనకు దగ్గఱి యుదాహరణమొకటి కలదు. పంజాబు సంతతికి చెంది, అప్పుడు ఆంగ్లసేనలో ఉద్యోగము చేయుచుండిన ప్రీత్ చాందీ యను యువతి, సుమారు తొంబది కిలోల బరువుగల బండిని నడుమునకు తగిలించుకొని, ఏడువందల మైళ్లు ఒంటరిగా నలుబది దినములలో నడచి 2022 జనవరి 3వ తేదిని దక్షిణధ్రువము చేరినది. ముందుగా అభ్యాసమునకై బరువైన టైర్లను ఈడ్చుకొని తిరిగినదట. అయితే ఇసుక మంచువలె జాఱదు. మంచుపై తొంబది కిలోలు లాగినది గదా యని ఇక్కడ నంత కట్టుట వెఱ్ఱితనము. ఇద్దఱు లాగువారుండి నలుబది కిలోలకు లోబడి యున్నచోనే ఇది సుఖము.

నడుముపట్టీల సంగతి వచ్చినప్పుడే మా యింటిలో చిక్కు వచ్చెను. మా పెద్దతోడికోడలు కొంచెము జంకినది. “తలపై బిందె పెట్టుకొని పోయిన నెవరును చూడరు. ఎద్దులవలె బండికి కట్టుకొని లాగిన ఊరంతయు చూచును. ఫలానావారి కోడండ్రని వ్రేలు చూపరా?” అని యడిగినది. ఆ మాట తీసివేయదగినది కాదు. మాకు ముగ్గురకును లోలోపల నా సంకోచమే యున్నది. అప్పుడు అత్తగారు మంచముమీదనుండి, “నవారు చుట్ట ఎక్కడ పెట్టితిరే?” అని యడిగిరి. పాత పందిరిమంచపు నవారు పెట్టె యడుగున నుండెను. నాలుగు వ్రేళ్ల వెడల్పు, గట్టి నేత. ఆమె దానిని రెండు మడతలు పెట్టి, నడుమ పాతచీర మెత్తగా దూర్చి, రెండు దినములు కూర్చుండి పట్టీలు కుట్టిరి. కొలతలు తీయునప్పుడు మమ్ము నొక్కొక్కరినే దగ్గఱకు పిలిచి, “లోకము మీ తలలమీద బిందెలు దింపుటకు వచ్చెనా? రానిలోకము చూచిన చూడనిండు” అనిరి. జాఱుముడి వేయు చోటును, కుడిచేతికి అందునట్లు, ఆమెయే నిర్ణయించిరి. కాలు తొట్రుపడినచో నొక్కలాగుతో విడివడవలెనట. మొదటి పట్టీని చిన్న మఱది మాటలాడక తీసికొని నడుమునకు బిగించుకొనెను. ఆ తరువాత మాకు పలుకుటకు మిగులలేదు.

ప్రయాణమునకు ముందు పెరటిలోనే పరీక్ష చేసితిమి. పాతకాగితములు కొనువాని కొక్కెపు కాటా నడిగి తెచ్చి, వెదుళ్లకు తగిలించి లాగి చూచితిమి. పొడియిసుకపై ముల్లు చూపినదానిలో, నీరు చల్లిన యిసుకపై సగముకంటె కొంచెమెక్కువ మాత్రమే చూపెను. ఈజిప్టువాని కుండ ఊరక పోయలేదని పిల్లలు కేకలు వేసిరి.

నిరుడు మాఘ పూర్ణిమకు ముందునాటి సాయంకాలము బయలుదేరితిమి. సామాను సర్దుటలో మాకు తెలిసినది చెప్పెదము. నీళ్లడబ్బాలు పలక నడుమకు కొంచెము వెనుకగా, అడుగున పడుకొనబెట్టవలెను. ముందు బరువైన ముక్కు ఇసుకలో దిగును. ఎత్తుగా పేర్చిన దిబ్బవాలున తిరుగబడును. ఇత్తడి బిందెలు ఇంటనే విడిచి సత్తుగిన్నెలు తీసికొంటిమి. బొంతలు, చాపలు పైన పఱచి, అంతటిని టార్పాలినుతో కప్పి, పాతచీర చీల్చిన పట్టెలతో అడ్డకఱ్ఱలకు బిగించితిమి. సామాను కదలకున్నచో బండి మెత్తగా పోవును.

దారిలో పొడియిసుక దిబ్బ దాటుటయే కష్టము. అచ్చట చిన్న మఱదియు, మాలో నొకరును పట్టీలు కట్టుకొని లాగితిమి. మగవారిలో నొకరు వెనుకనుండి త్రోసిరి. దిబ్బ దిగి అలలు తడిపి విడిచిన నేల చేరినంతనే బండి తేలికయైనది. అందుచే దగ్గఱిదారి యని పొడియిసుకలో అడ్డముగా పోక, ముందు తడినేలకు దిగి, దాని వెంటనే పోయి, బస యెదుటకు వచ్చిన పిమ్మట పైకెక్కుట మేలు. పాటు వేళ చూచుకొనినచో తడినేల వెడల్పుగా దొరకును. పూర్ణిమ దినములలో పోటుపాట్లు రెండును హెచ్చుగా నుండునని మఱువరాదు. నాచు, పుల్లలు, గవ్వలు గీతగా పడియున్న యెడకు చాల పైననే పడకలు వేయవలెను. పట్టీ కట్టుకొన్న మమ్ము జూచి జాలరి స్త్రీలిద్దఱు నవ్విరి. తరువాత దగ్గఱకు వచ్చి పలక అడుగును తడవి చూచి, పీపా యెక్కడ కొంటిరని యడిగిరి.

మా మిగిలిన యిద్దఱి చేతులును ఖాళీ. ఎంతకాలమునకో ఖాళీ. కుడిప్రక్క నొకరము, ఎడమప్రక్క నొకరము అత్తగారిని పట్టుకొంటిమి. అలసినచో ఇసుకపడవపై కూర్చుండుమని పిల్లలు ఎంతయో బ్రతిమాలిరి. “నేను గిన్నెనా?” అని ఆమె కోపించిరి. పది యడుగులు నడచుట, నిలుచుట, ఊపిరి తీసికొనుట. సామాను మాకంటె ముందే బసకు చేరి, పొయ్యి రాజుకొని, పొగ మాకు కనబడుచుండెను. ఆ మూడు ఫర్లాంగులు నడచుటకు మాకు గంటకు పైగా పట్టినది. దారి పొడుగునను ఆమె చిన్ననాటి మాఘస్నానముల సంగతులు చెప్పుచునే యుండిరి. ఇరువది యేండ్లుగా ఆ యింట నున్న మాకు వానిలో సగము క్రొత్తవి. బిందెలు తలపై నున్ననాడు మేము ఆమెతో మాటలాడుచు నడచినది లేదు.

రాత్రి చలి బాగుగ నుండెను. సముద్రపుగాలికి మంచు తోడై బొంతలు పైన తడిసినవి. టార్పాలిను కట్టియుండకున్న నిదుర లేదు. దీపము చిన్నది చేసి సముద్రమువైపు మఱుగు పెట్టితిమి. ఆ నెలలలో సముద్రపు తాబేళ్లు రాత్రివేళ మన తీరమునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. వెలుతురునకు అవి బెదరి మరలిపోవును. గ్రుడ్లనుండి వచ్చిన పిల్లలకు బండ్ల లోతుగాడులు గోతులవలె అడ్డము. ఇసుకపడవ జాడ లోతు లేనిదైనను, పైకెక్కినచోట పిల్లలచే కొబ్బరిమట్టతో చదును చేయించితిమి.

తెల్లవాఱుజామున అత్తగారు మోకాళ్ల లోతున కూర్చుండి స్నానము చేసిరి. అల వచ్చినప్పుడెల్ల మేము పట్టుకొనుచుంటిమి. మాలో నడివారి చేయి కొంచెము గట్టిగా పట్టుకొని, మూడు మునుకలు చాలవు, మానిన మూడేండ్లకును కలిపి తొమ్మిది మునుగవలెనని పట్టుపట్టిరి. చలికి పెదవులు నీలమైనను వినలేదు.

తిరిగివచ్చిన పిమ్మట ఇసుకపడవను మంచినీటితో కడుగవలెను. ఉప్పు పట్టిన త్రాడు బిరుసెక్కును. వెదురు కట్టులలో ఇసుక నిలిచి త్రాటిని కోయును. ఎండలో విడిచిన ప్లాస్టికు పెళుసగును గావున పంచపాళిలో గోడకు వ్రేలాడదీసితిమి. మాఘ బహుళమున శివరాత్రికి ప్రక్కయింటివారు అడిగి తీసికొనిపోయిరి. వారి యింట లాగువారు ముగ్గురు, పట్టీలు రెండే. మూడవది కుట్టుటకు నవారు చాలదని, అత్తగారు ఇప్పుడు మా పెద్దతోడికోడలి మంచమువంక చూచుచున్నారు.